చాటని చట్టము

మన గ్రామములలో దండోరా వేసిన తరువాతనే సర్కారు ఆజ్ఞ ప్రజలకు తెలిసెడిది. మరి చాటింపే లేని శాసనము చెల్లునా? ఈ ప్రశ్న 1951లో సుప్రీంకోర్టు ఎదుటికి వచ్చినది.

జైపూరు సంస్థానపు మంత్రిమండలి 1923లో నల్లమందు చట్టమును తీర్మానించినది గాని, దానిని గెజెట్టులో ప్రకటింపలేదు, ఊరూర చాటింపనూ లేదు. ఆ చట్టము క్రిందనే హర్లా అను నతనికి 50 రూపాయల జరిమానా పడినది. ప్రజలకు తెలియపరచని చట్టము వారిని బంధింపజాలదని న్యాయమూర్తి వివియన్ బోస్ తీర్పు వ్రాసిరి. శిక్ష రద్దయినది.

చట్టము తెలియదనుట సాకు కాదని మనము తరచుగా విందుము. అది నిజమే. అయితే తెలియజేయు బాధ్యత ముందుగా పాలకులది. నేడు గెజెట్టు కంప్యూటరులో వెలువడుచున్నది. చదువురాని మన పొరుగువాని చెవికి అది చేరినదా అని మనము విచారింపవలదా?