పొగమంచులో విమానాల టాక్సీయింగ్

రన్‌వేకూ టెర్మినల్‌కూ మధ్య విమానం తన చక్రాల మీద నడిచే దశను టాక్సీయింగ్ అంటారు. పొగమంచు కమ్మినప్పుడు, జడివానలో, చీకట్లో పైలట్‌కు తానెక్కడున్నాడో, ఎటు తిరగాలో, దగ్గర్లో ఏ విమానం ఉందో తెలియడం కష్టమవుతుంది. ఆ ఎరుకను పెంచడానికి జరిగిన ప్రయత్నాల చరిత్ర ఇది. ఇందులో ఒక వింత ఉంది. కేటగిరీ 3బి సదుపాయాలున్న ఢిల్లీ లాంటి చోట 50 మీటర్ల దూరమే కనిపిస్తున్నా విమానం తనంతట తానే రన్‌వే మీద దిగగలదు. దిగిన తర్వాత మాత్రం పైలట్ తన కళ్లనే నమ్ముకుని నడపాలి. గాల్లో దారి చూపే సాధనాలు ముందొచ్చాయి, నేల మీద దారి చూపేవి చాలా ఆలస్యంగా వచ్చాయి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో విమానాశ్రయం లేదు. అయినా గల్ఫ్‌కు వలసపోయినవాళ్లు లేని ఊరు ఈ ప్రాంతంలో అరుదు. శంషాబాద్ నుంచి దుబాయ్, షార్జా, రియాద్ వెళ్లే విమానాల్లో ఈ ఊళ్లవాళ్లు ఏడాది పొడుగునా కనిపిస్తారు. ఈ చరిత్రలో షార్జాకూ రియాద్‌కూ చోటుంది.

దీపాలు, బోర్డులు

టాక్సీవే అంచుకు నీలం దీపాలు, నడిమి గీత వెంట ఆకుపచ్చ దీపాలు, రన్‌వేలోకి పోయే ముందు అడ్డంగా ఎర్రదీపాల వరుస: అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) నిర్దేశించిన ఏర్పాటు స్థూలంగా ఇదే. నడిమి గీత దీపాల మధ్య ఎడం మామూలుగా 30 మీటర్లకు మించకూడదు. కనుచూపు 350 మీటర్లకన్నా తగ్గే విమానాశ్రయాల్లో 15 మీటర్లకు మించకూడదు. అంటే 75 మీటర్లే కనిపించే ఉదయం పైలట్‌కు ముందు అయిదు దీపాలుంటాయి, వంపు ఎటు తిరుగుతుందో పట్టుకోవడానికి అవే ఆధారం. పైగా పెద్ద విమానాల్లో కాక్‌పిట్ నేలకు చాలా ఎత్తున ఉంటుంది. బోయింగ్ 747లో అది 8 మీటర్లు దాటుతుంది. ముక్కు కింది నేల పైలట్‌కు అసలే కనిపించదు.

కంట్రోల్ టవర్‌కు నేల మీది విమానాలను చూపించే రాడార్ లండన్ హీత్రూలో 1950లలోనే ఉంది. మిగతా ప్రపంచంలో చాలాచోట్ల కంట్రోలర్ కిటికీలోంచి చూసేవాడు. మంచు పడితే రేడియోలో పైలట్ చెప్పిన మాటే సాక్ష్యం.

టెనెరిఫే నుంచి లినాటే దాకా

1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫేలో, లాస్ రోడియోస్ విమానాశ్రయంలో కేఎల్ఎం, పాన్ అమ్ సంస్థల 747లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో ఇంతకు మించిన ప్రమాదం లేదు. కేఎల్ఎం కెప్టెన్ అనుమతి లేకుండా టేకాఫ్ మొదలుపెట్టిన సంగతే ఎక్కువగా చెప్పుకుంటారు. టాక్సీయింగ్ కోణంలో చూడాల్సింది పాన్ అమ్ కాక్‌పిట్‌ను. విమానాలు నిలిపే ఏప్రన్ నిండిపోయి ఉండటంతో వాళ్లు రన్‌వే మీదుగానే వెనక్కి నడవాల్సి వచ్చింది. మూడో దారిలో ఎడమకు తిరగమని కంట్రోలర్ చెప్పాడు. ఆ దారి దాదాపు వెనక్కి మళ్లినట్టు 148 డిగ్రీల మలుపు. అంత పెద్ద విమానానికి అలాంటి మలుపు చెప్పి ఉంటారా అన్న సందేహం, చుట్టూ కొండమీది మబ్బు, చేతిలో కాగితం పటం. మూడో దారిని దాటి నాలుగో దారి దగ్గరికి చేరుకుంటుండగా ఎదురుగా కేఎల్ఎం విమానం దీపాలు కనిపించాయి. అక్కడ గ్రౌండ్ రాడార్ లేదు.

ఆ తర్వాత మారింది ముందుగా భాష. అసలైన అనుమతి ఇచ్చేటప్పుడు తప్ప ‘టేకాఫ్’ అన్న మాట వాడకూడదన్నారు. ఆదేశాన్ని తిరిగి చెప్పి ధ్రువపరచుకోవడం కట్టుదిట్టమైంది. మంచి మార్పే గానీ దారి తప్పినవాడికి మాటలు దారి చూపవు. 1990 డిసెంబరు 3న డెట్రాయిట్‌లో అదే రుజువైంది. పొగమంచులో మలుపు తప్పిన నార్త్‌వెస్ట్ డీసీ-9 ఒకటి వాడుకలో ఉన్న రన్‌వే మీదికి చేరింది. సిబ్బంది తమ తప్పు గ్రహించి రన్‌వే మీదున్నామని కంట్రోలర్‌కు చెప్పిన కాసేపటికే అదే సంస్థకు చెందిన 727 టేకాఫ్ పరుగులో వచ్చి తాకింది. 8 మంది పోయారు.

మిలాన్ లినాటేలో 2001 అక్టోబరు 8న జరిగింది మరీ బాధాకరం, ఎందుకంటే అక్కడ పరికరాలన్నీ పేరుకు ఉన్నాయి. పాత గ్రౌండ్ రాడార్ మూలపడింది, కొత్తది వచ్చినా వాడుకలోకి రాలేదు. ఆర్5 దారిలో వెళ్లాల్సిన చిన్న సెస్నా జెట్ ఆర్6లోకి పోయింది. పైలట్ నేల మీద ‘ఎస్4’ అన్న గుర్తు చూసి కంట్రోలర్‌కు చెప్పాడు. ఆ గుర్తు కంట్రోలర్ పటంలో లేదు. దారికి అడ్డంగా ఎర్రదీపాలున్నా వాటిని ఆర్పే, వెలిగించే వీలు టవర్‌కు లేదు. ఎప్పుడూ వెలిగే ఎర్రదీపాన్ని ఎవరు లెక్కచేస్తారు? సెస్నా రన్‌వే మీదికి వచ్చేసరికి ఎస్ఏఎస్ విమానం టేకాఫ్ వేగంలో ఉంది. 118 మంది బలయ్యారు.

ఐకావో 2004లో అధునాతన ఉపరితల మార్గదర్శక, నియంత్రణ వ్యవస్థపై ఒక మాన్యువల్ వెలువరించింది. రాడార్, విమానాలే పంపే స్థానసంకేతాలు కలిపి టవర్‌లో ఒకే తెర మీద చూపడం, ప్రమాదం ముంచుకొస్తే హెచ్చరించడం, పైలట్ వెళ్లాల్సిన దారిలోని ఆకుపచ్చ దీపాలే వెలిగించడం దాని సారం. సింగపూర్ చాంగిలో పైలట్లు ఆ పచ్చదీపాల వెంటే నడుస్తారు.

కాక్‌పిట్‌లోకి వచ్చిన పటం

టవర్‌కు కళ్లొచ్చినా పైలట్‌కు రాలేదన్న ఆలోచనతో 1990లలో నాసా ‘టీ-నాసా’ అనే ప్రయోగం చేపట్టింది. కదిలే పటం మీద సొంత విమానం గుర్తు, ఎదుటి అద్దంలో టాక్సీవే అంచుల వెంట నిలిపిన మాయా శంకువులు అందులో ఉన్నాయి. 1997 ఆగస్టులో అట్లాంటాలో బోయింగ్ 757తో దీన్ని పరీక్షించారు. ఎయిర్‌బస్ ఏ380లో విమానాశ్రయ పటం కాక్‌పిట్ తెరల మీదే వచ్చింది. టాబ్లెట్లలోనూ సొంత స్థానం కనిపించే పటాలు తర్వాత మామూలయ్యాయి. హనీవెల్ తెచ్చిన ‘రాస్’ అనే హెచ్చరిక వ్యవస్థ రన్‌వే దగ్గరపడుతుంటే గొంతుతో చెబుతుంది. టాక్సీవే మీద 40 నాట్ల వేగం దాటితే టాక్సీవే మీదున్నావని అరుస్తుంది.

ఆ అరుపు ఎందుకో గల్ఫ్ ఉదంతాలు చెబుతాయి. 2015 సెప్టెంబరులో షార్జాలో ఎయిర్ అరేబియా ఏ320 ఒకటి రన్‌వే బదులు పక్కనున్న సమాంతర టాక్సీవే మీద నుంచి గాల్లోకి లేచింది. ఆ టాక్సీవే అంతకు ముందు రన్‌వేనే. 2018 ఆగస్టు 3 తెల్లవారుజామున రియాద్‌లో ముంబైకి బయల్దేరిన జెట్ ఎయిర్‌వేస్ 737 టాక్సీవే మీద టేకాఫ్‌కు పరుగెత్తి, ఆపేసి పక్కకు జారింది. ప్రాణనష్టం లేదు. రెండు చోట్లా పొగమంచు లేదు. కళ్లు తెరిచి ఉన్నా దారి తప్పొచ్చని దీని అర్థం.

తెలుగు రాష్ట్రాల్లో

2008 మార్చిలో బేగంపేట నుంచి పౌర విమానాలు శంషాబాద్‌కు మారాయి. శంషాబాద్‌లో 4,260 మీటర్ల ప్రధాన రన్‌వే పక్కన 3,707 మీటర్ల రెండో రన్‌వే ఉంది. అది మొదట సమాంతర టాక్సీవే. ప్రధాన రన్‌వే మరమ్మతులకు మూతపడినప్పుడు విమానాలు దాని మీదే దిగి లేస్తాయి. ఇలాంటి రెండు పాత్రల దారి ఉన్నచోట పటం తాజాగా ఉండటం, దీపాల రంగులు ఆనాటి పాత్రకు సరిపోవడం పైలట్‌కు ప్రాణాధారం. సంక్రాంతి రోజుల్లో మంచు ఎక్కువ పట్టేది గన్నవరంలో. అక్కడ ఉదయం విమానాలు గాల్లో చక్కర్లు కొట్టి వెనక్కి పోవడం మామూలు. మనుషుల కంటికి ఎంత దూరం కనిపిస్తుందో కొలిచే ‘దృష్టి’ పరికరాన్ని బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్ రూపొందించడంతో దేశంలో దిగుమతి కొలతసాధనాల అవసరం తగ్గింది.

కరీంనగర్, జగిత్యాల వైపు వాళ్లకు శంషాబాద్ కన్నా దగ్గరయ్యే వరంగల్ మామునూరు విమానాశ్రయం పునరుద్ధరణకు 2025లో కేంద్ర పౌర విమానయాన శాఖ ఆమోదం తెలిపింది. అక్కడ నడిమి గీత దీపాలు పెట్టాలనుకుంటే వాటిని తారులో, కాంక్రీటులో పొదగాల్సి ఉంటుంది. వాటికి కావాల్సిన తీగల మార్గాలు టాక్సీవే వేసేటప్పుడే వదిలితే ఖర్చు తక్కువ. వేసిన దారిని తర్వాత కోసి పెట్టాలంటే విమానాల రాకపోకలు ఆపాల్సి వస్తుంది.