సవరమాట విన్న చెవి

రేడియో ముందు కూర్చున్నవారు ధ్వనిని వింటారే గాని, ధ్వనిని గూర్చి ఆలోచించే అవసరం వారికి సాధారణంగా కలుగదు. ఒక భాషలోని ధ్వనులను వినడానికై కొండలకు పోయి, ఆ శ్రమలో తన వినికిడినే కొంత పోగొట్టుకొన్న ఉపాధ్యాయుని చరిత్ర టెక్కలికి పొరుగుననే నడిచినది. దానిని ఈనాడు జ్ఞాపకం చేసుకొందాము.

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. నాదానుభవాన్ని గూర్చి హెల్మ్‌హోల్ట్స్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు తన మహాగ్రంథాన్ని ప్రకటించినది కూడ ఆ 1863లోనే. ఒకరు ప్రయోగశాలలోను, మరొకరు కొండపల్లెలలోను విచారించినది ఒకే ప్రశ్న: ఒక ధ్వనిని వేరొక ధ్వని నుండి వేరుచేసేది ఏది?

ధ్వని అనగా గాలి ఒత్తిడిలో కలిగే ఒడుదుడుకు. అది గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో పోతుంది. సెకనుకు ఎన్ని కంపనాలు కలుగుతాయో దానినిబట్టి శ్రుతి. కంపనం ఎంత పెద్దదో దానినిబట్టి బిగ్గర. ఆరోగ్యంగల పడుచువారి చెవి సుమారు 20 మొదలు 20,000 కంపనాల వరకు వినగలదు. మూడవ గుణాన్ని నాదపు రంగు అనవచ్చును. వీణ, వేణువు ఒకే శ్రుతిలో, ఒకే బిగ్గరతో పలికినా మనం రెంటినీ గుర్తుపడతాము. మూలకంపనంతో కలిసి పలికే ఉపకంపనాల పాళ్ళు వేరుకావడమే అందుకు ముఖ్యకారణం. హెల్మ్‌హోల్ట్స్ బోలుగోళాలను చెవికి ఆనించుకొని ఆ ఉపకంపనాలను ఒక్కొక్కటిగా ఏరి విన్నాడు. ‘అ’కు, ‘ఇ’కి గల భేదం కూడ ఇట్టిదే. నోటిలోని ఖాళీ రూపం మారితే నాదపు రంగు మారుతుంది.

రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైనారు. ఆనాడు పర్లాకిమిడి, టెక్కలి రెండూ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనివే. చుట్టుపట్ల కొండలలో సవరలు నివసించేవారు. వారి భాష తెలుగుకు గాని, ఒరియాకు గాని చుట్టం కాదు. ముండా కుటుంబానికి చెందినది. అప్పటికి దానికి లిపి లేదు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట ఉంచుకొని పంతులుగారు ఆ భాష నేర్చుకొన్నారు. అందులో పుస్తకాలు వ్రాశారు. సొంత డబ్బుతో సవరపిల్లలకు బడులు పెట్టారు.

గొంతు చటుక్కున మూసుకొని గాలి ఆగే పలుకు ఒకటి సవరభాషలో ఉన్నది. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరం లేదు. మా స్టూడియోలోని మైకు గాలి ఒత్తిడిని విద్యుత్తు ఒడుదుడుకుగా మారుస్తుంది. దానిని గీతగా చూస్తే, ఆ పలుకు వచ్చినచోట గీత కొద్దిసేపు అణగి, మరల లేస్తుంది. అలవాటులేని చెవికి అది వట్టి ఖాళీ. సవరకు అది మాటలో భాగమే. అట్టి ధ్వనులను యంత్రం లేకుండ, చెవితోనే పట్టుకోవలసిన కాలమది.

కొండపల్లెల తిరుగుడులో ఆయనకు మలేరియా తగిలినది. అందుకు వాడిన క్వైనావలన చెవుడు వచ్చి, జీవితాంతం నిలిచిపోయినది. చెవుడంటే అన్ని ధ్వనులూ సమానంగా తగ్గడమని అనుకొంటాము. మందులవలన, వయసువలన కలిగే చెవుడు తరచు హెచ్చుకంపనాలనే ముందుగా హరిస్తుంది. అచ్చుల బలం తక్కువ కంపనాలలోను, ‘స’, ‘శ’ల గుర్తు హెచ్చు కంపనాలలోను ఉంటుంది. అట్టివారికి గొంతు వినబడుతుంది, మాట తెలియదు. పాత టెలిఫోను కూడ సుమారు 300 మొదలు 3,400 కంపనాల వరకే మోసేది గనుక, ఊరిపేరు చెప్పినా అక్షరం విప్పి చెప్పవలసి వచ్చేది.

అయినా పంతులుగారు పని విడువలేదు. ఆయన రచించిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం ప్రకటించినది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా ఆయన రాజమహేంద్రవరం తరలిపోయారు. ఆ సంవత్సరమే మంగెయి గొమాంగో సవరభాషకు సొంత లిపిని కల్పించినాడు. పంతులుగారు 1940 జనవరి 22న కన్నుమూశారు.

వాడుకభాషకై ఆయన చేసిన పోరాటం తెలుగువారందరూ ఎరిగినదే. భాష మొదట నోట పుట్టి చెవిని చేరుతుందనే ఎరుకను సవరకొండలు ఆయనకు మరింత గట్టిపరచి ఉంటాయని మా అభిప్రాయం. రేడియోలో మీరు వినే తెలుగుకు ఆ పోరాటంతో సంబంధమున్నది.

నేడు ధ్వనిని పట్టి ఉంచడానికి జేబులోని ఫోను చాలును. ఉద్దానంలో గాని, మందస కొండలలో గాని, మీ ఇంటి ముసలమ్మ పాడే పాటను, చెప్పే కథను పట్టి ఉంచండి. నడుమ ఆమె ఆగినచోట్లను ఖాళీలని కోసివేయకండి. పట్టేవేళ ఇంటిలోని రేడియోను కాసేపు ఆపండి. మాకు కోపం రాదు.