పెయింట్ స్ప్రేయర్ ఆగిపోయిందా? మోటార్ కాలిందనే ముందు ఇవి చూడండి

వానలు తగ్గినప్పటి నుంచి దీపావళి వరకు సూరత్‌లో ఇళ్లకు, దుకాణాలకు రంగులు వేసే పని ఎక్కువ. ఆ రోజుల్లో స్ప్రేయర్ మొరాయిస్తే పెయింటర్‌కు ఆ పూట కూలి పోయినట్లే. వైండింగ్ షాపుకు తీసుకెళ్తే "మోటార్ కాలింది, కాయిల్ మళ్లీ చుట్టాలి" అనే మాట వినిపించవచ్చు. చాలాసార్లు లోపం మోటార్‌లో ఉండదు. దానికి ముందున్న వైరులోనో, స్విచ్‌లోనో, తర్వాత ఉన్న పంపులోనో ఉంటుంది.

సూరత్ మరమగ్గాల ఊరు. లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో ఆ పని కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. సిరిసిల్లలో లాగే ఇక్కడా మగ్గానికి సాధారణంగా త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటార్ ఉంటుంది. దానికి కార్బన్ బ్రష్‌లు ఉండవు, స్టార్టింగ్ కెపాసిటర్ ఉండదు. అది తిరగకపోతే వైండింగ్‌ను అనుమానించడం సహజమే. స్ప్రేయర్‌కు ఆ లెక్క సరిపోదు.

ముందు మీ దగ్గరున్నది ఏ రకమో చూడండి. చేత్తో పట్టుకునే చిన్న స్ప్రేయర్లలో, టర్బైన్ యంత్రాల్లో సాధారణంగా ఉండేది మిక్సీలో ఉండే తరహా బ్రష్ మోటార్. పెయింట్‌ను నేరుగా పిస్టన్‌తో నెట్టే ఎయిర్‌లెస్ యంత్రాల్లో ఎక్కువగా డీసీ మోటార్, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటాయి. కంప్రెసర్‌తో నడిచే గన్ అయితే మోటార్ కంప్రెసర్‌కే ఉంటుంది. అది సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటార్, పక్కనే కెపాసిటర్.

ఏది విప్పాలన్నా ముందు ప్లగ్ పీకాలి, ప్రెషర్ పూర్తిగా వదలాలి. ఎయిర్‌లెస్ యంత్రంలో ఒత్తిడి 200 బార్ దాకా ఉంటుంది. నాజిల్ ముందు వేలు పెడితే పెయింట్ చర్మం లోపలికి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు.

ఎక్స్‌టెన్షన్ వైరు దగ్గర ఏం జరుగుతుంది?

నాకు తెలిసి అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. మూడో అంతస్తులో పని, ప్లగ్ కింద ఉంటుంది. 30 మీటర్ల సన్నటి వైరు లాగుతారు. అది 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అనుకుందాం. పోయి రావడానికి 60 మీటర్లు, అంటే సుమారు ఒకటిన్నర ఓమ్‌ల నిరోధం. ఒక హార్స్‌పవర్ కంప్రెసర్ నడిచేటప్పుడు 6 ఆంపియర్లు తీసుకుంటే వైరులో పోయేది 9 వోల్టులే. స్టార్ట్ అయ్యే క్షణంలో మాత్రం కరెంటు ఐదారు రెట్లు ఉంటుంది. 30 ఆంపియర్ల దగ్గర దాదాపు 47 వోల్టులు వైరులోనే పోతాయి. 230లో మోటార్‌కు అందేది 183. ఇండక్షన్ మోటార్ తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మూడో వంతుకు పైగా బలం పోతుంది. మోటార్ 'మ్‌మ్' అంటూ ఆగిపోతుంది. అలాగే వదిలేస్తే అప్పుడు నిజంగానే కాలుతుంది.

అందుకే యంత్రాన్ని ఒకసారి నేరుగా గోడ ప్లగ్‌కు పెట్టి చూడండి. తిరిగితే తప్పు వైరుది. వోల్టేజీని ఖాళీగా కొలిస్తే సరిపోదు. లోపల తీగలు సగం తెగిన వైరు కూడా ఖాళీగా ఉన్నప్పుడు 230 చూపిస్తుంది. లోడ్ పడినప్పుడే దాని సంగతి తెలుస్తుంది. గోడ ప్లగ్ దగ్గరే వోల్టేజీ పడిపోతుంటే ఇంటి వైరింగ్ చూపించాలి. అదీ బాగుంటే సరఫరా సంస్థకు ఫిర్యాదు చేయాలి.

శబ్దాన్ని బట్టి లోపం

నేరుగా పెట్టినా కంప్రెసర్ మూలుగుతూ తిరగకపోతే మొదటి అనుమానం కెపాసిటర్ మీద. ఉబ్బిందా, కారిందా చూడండి. దాన్ని డిశ్చార్జ్ చేయకుండా ముట్టుకోవద్దు. కొలిస్తే రన్ కెపాసిటర్ విలువ దానిపై రాసినదానికంటే పది శాతానికి మించి తగ్గి ఉంటే మార్చేయడమే. ఇంకో కారణమూ ఉంది. కంప్రెసర్ ఆగినప్పుడు ప్రెషర్ స్విచ్ దగ్గర 'సుస్' మని గాలి పోవాలి. ఆ శబ్దం రాలేదంటే హెడ్‌లో గాలి నిలిచిపోయింది, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు మోటార్ దాన్ని నెట్టలేదు.

బ్రష్ మోటార్ అసలు చప్పుడే చేయకపోతే ప్లగ్, స్విచ్, కార్బన్ బ్రష్‌లు వరసగా చూడండి. అరిగి పొట్టిగా అయిన బ్రష్ కమ్యుటేటర్‌కు ఆనదు. ఒక్కోసారి తట్టితే తిరగడం దీని గుర్తే. కాసేపు నడిచి ఆగి, చల్లారాక మళ్లీ నడిస్తే అది వేడికి పడే కటాఫ్. టర్బైన్ యంత్రమైతే ముందు గాలి ఫిల్టర్ శుభ్రం చేయండి.

ఎయిర్‌లెస్ యంత్రంలో గన్ మూసి ఉండగా మోటార్ ఆగడం లోపం కాదు, ప్రెషర్ నిండింది కాబట్టి ఆగింది. గన్ తెరిచినా నడవకపోతే ప్రైమ్ వాల్వ్ తెరిచి, నాబ్‌ను మెల్లగా పెంచండి. తిరిగితే మోటార్ బాగానే ఉంది. తిరగకుండా వేడెక్కితే పంపులో పెయింట్ ఎండి పిస్టన్ పట్టేసి ఉండొచ్చు. అదీ కాకపోతే ప్రెషర్ సెన్సార్, బోర్డు చూడాలి.

షాక్, మంట

బాడీ ముట్టుకుంటే జివ్వుమంటే పని ఆపేయాలి. స్ప్రేయర్ పెట్టగానే ఆర్‌సీసీబీ పడిపోతోందని వేరే ప్లగ్‌కు మార్చడం, ఎర్త్ పిన్ విరిచేయడం ప్రాణాలతో చెలగాటం. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పడిందంటే కరెంటు ఎక్కడో లీకవుతోంది. 500 వోల్టుల మెగ్గర్‌తో కొలిస్తే ఒక మెగాఓమ్ కంటే తక్కువ వస్తే ఆ యంత్రం వాడకూడదు. కొలిచే ముందు ఎలక్ట్రానిక్ బోర్డు కనెక్షన్ విప్పాలి, లేకపోతే బోర్డు పోతుంది.

బ్రష్ మోటార్ లోపల నిప్పురవ్వలు మామూలే. నీటితో కలిపే ఎమల్షన్‌కు వాటితో ఇబ్బంది లేదు. ఫర్నిచర్‌కు వాడే ఎన్‌సీ థిన్నర్ మాత్రం గది ఉష్ణోగ్రత దగ్గరే మండే ఆవిరి ఇస్తుంది. మూసిన గదిలో చేతి స్ప్రేయర్‌తో దాన్ని కొట్టకూడదు. ఆ పనికి గాలితో నడిచే గన్ వాడి, కంప్రెసర్‌ను గది బయట దూరంగా పెట్టాలి. గదిలోకి గాలి ధారాళంగా రావాలి.

ఇవన్నీ చూశాక కూడా తిరగకపోతే, కాలిన వాసన వస్తుంటే వైండింగ్ షాపుకు వెళ్లండి. కంప్రెసర్ మోటార్‌కు రీవైండింగ్ దండగ కాదు, సూరత్‌లో ఆ పని తెలిసినవాళ్లకు కొదవ లేదు. చేతి స్ప్రేయర్ ఆర్మేచర్ కాలితే మాత్రం చుట్టించడం కంటే కొత్తది వేయించడం మేలు. పాత కాయిల్ విప్పేటప్పుడు చుట్ల సంఖ్య, తీగ మందం రాసుకోమని చెప్పండి. యంత్రం తీసుకునేటప్పుడు అక్కడే నడిపించి, క్లాంప్ మీటర్‌లో వచ్చిన ఆంపియర్లను నేమ్‌ప్లేట్ మీది అంకెతో పోల్చి చూసుకోండి.