ఫిరంగి నాలా

ఫిరంగి నాలా రంగారెడ్డి జిల్లాలో నిజాం కాలంలో తవ్విన వరద కాలువ. షాబాద్ మండలం చందన్‌వెల్లి దగ్గర ఈసీ నది నీటిని మళ్లించి, దారి పొడుగునా చెరువులను, కుంటలను నింపుతూ ఇబ్రహీంపట్నం పెద్ద చెరువుకు చేర్చడం దీని పని. ఆ చెరువు నాలా కన్నా చాలా పాతది. గోల్కొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా హయాంలో కట్టారు. అంత పెద్ద చెరువుకు కూడా దూరపు నది నుంచి నీరు తేవాల్సి వచ్చిందంటే, కట్ట ఒక్కటే చెరువు కాదని నాలా తవ్వించినవారు గ్రహించారనే అనుకోవాలి. ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి దూకితేనే కింది చెరువుకు నీరు. మధ్యలో ఎవరైనా పది గజాల కాలువను మట్టితో పూడ్చి చదును చేస్తే చాలు, ఎంత వాన పడ్డా కింది ఊరి తూము కిందికి చుక్క రాదు. అందుకే ఈ నాలా బాగు కావాలంటే పని చెరువు దగ్గర కాదు, నీరు నడిచే దారిలో మొదలవ్వాలి.

వానలే తగ్గాయి, కాలువను తప్పుపట్టి లాభమేమిటని కొందరంటారు. దీనికి జవాబు ఈసీ నదిలోనే ఉంది. అదే నదిపై 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ జలాశయానికి 1980 నుంచి 2004 దాకా వచ్చిన నీటిని పరిశోధకులు లెక్కగట్టారు. ఇన్‌ఫ్లో స్పష్టంగా పడిపోయింది. వర్షపాతంలో మాత్రం అంతటి తగ్గుదల లేదు. ఎగువన బోర్లు పెరగడం, చెక్‌డ్యాంలు, ఇంకుడు కట్టడాలు రావడం, భూమి వాడకం మారడం కారణాలుగా తేలాయి. వీటిలో ఏదీ నేరం కాదు. ఎగువ రైతు తన చెలకలో నీరు నిలుపుకోవడం న్యాయమే. కానీ ఒక్కో ఊరు విడివిడిగా లెక్క చూసుకుంటే మొత్తం పరీవాహకం లెక్క ఎవరికీ అందదు.

2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయకు పేరు తెచ్చింది పూడికతీత. అది చెరువులో నీరు పట్టే చోటు పెంచుతుంది, నీటిని మాత్రం తేలేదు. చట్టం చూపూ చెరువు మీదే. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. పది మీటర్ల లోపు వెడల్పున్న నాలాకు 2 మీటర్లు చాలు. చెరువును బతికించే సన్నని దారికే రక్షణ తక్కువ.

ఈ లోటు ఇబ్రహీంపట్నం చుట్టూ ఇప్పుడు మరింత బరువైనది. ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకున్న కొంగరకలాన్‌లో 2022లో జిల్లా కలెక్టరేట్ ప్రారంభమైంది, 2023లో ఫాక్స్‌కాన్ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. వీటి వెంట లేఅవుట్లు వస్తాయి, రావాలి కూడా. ఉద్యోగాలు వద్దనే వాదన నిలవదు. సిమెంటు నేల మీద వాన ఇంకకుండా పారుతుంది కదా, చెరువుకు మేలేననీ కొందరంటారు. అలా పారే నీరు ఒక్కసారిగా వస్తుంది, మురుగును మోసుకొస్తుంది, దారి లేకపోతే ఇళ్లలోకి వెళ్తుంది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పారే స్ట్రాబెరీ క్రీక్‌ను 1987లో అధ్యయనం చేసినప్పుడు ముందు మురుగు ఎక్కడ కలుస్తోందో వెతికి ఆపారు. స్థానిక చేపలను తిరిగి వదిలింది ఆ తర్వాతే.

ముందు నీటి దారి, తర్వాతే మిగతావి: ఇక్కడా ఆ వరుసే సరైనది. చందన్‌వెల్లి నుంచి పెద్ద చెరువు దాకా నాలాను ఊరూరా సర్వే చేసి, పాత గ్రామ నక్షాలతో సరిచూసి హద్దురాళ్లు పాతాలి. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేది ఆ తర్వాతే కావాలి. కాలువ వెడల్పు ఆ భూముల్లో చిన్న వంతే. ముందుగా విడిచిపెడితే ఏ కర్మాగారమూ ఆగదు. ఇళ్లు కట్టాక కూల్చాలంటే అటు కొనుక్కున్నవాళ్లూ, ఇటు దిగువ రైతులూ నష్టపోతారు.