కడుపు గడ్డకు కత్తి – 1809 నుంచి రోబో దాకా

1809 డిసెంబరు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో జేన్ క్రాఫర్డ్ అనే నలభై ఆరేళ్ల గృహిణి చలికాలంలో గుర్రంమీద సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణించి ఎఫ్రాయిమ్ మెక్‌డవెల్ అనే డాక్టరుగారి ఇంటికి చేరింది. కడుపులో పెద్ద గడ్డ. పొట్ట కోస్తే మనిషి దక్కదని వైద్యులందరి నమ్మకం. మత్తుమందు ఇంకా రాలేదు. ఆమె కీర్తనలు వల్లిస్తుండగా, 25 నిమిషాల్లో, పది కిలోల అండాశయపు గడ్డను తీశారు. అయిదో రోజున డాక్టరుగారు వెళ్లి చూస్తే, ఆమె తన పక్క తానే సర్దుకుంటోందట! ఆ తర్వాత ముప్పై రెండేళ్లకు పైగా జీవించింది.

ఈ పాత ఫైలు తిరగేయడానికి కారణముంది. మన సభ్యులొకరి కోడలికి పొట్టగోడలో గడ్డ కనిపించింది. రోబోతో తీయవచ్చునన్నారట. "యంత్రం చేతిలో పిల్లను పెడతామా?" అని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తారు.

పొట్టగోడలో కొవ్వుగడ్డలే కాక, కండరాన్ని పట్టుకుని పెరిగే డెస్మాయిడ్ అనేదీ ఒకటుంది. 1832లో గ్లాస్గోకు చెందిన జాన్ మెక్‌ఫార్లేన్ దానిని వర్ణించగా, 1838లో జర్మన్ శాస్త్రజ్ఞుడు మ్యుల్లర్ ఆ పేరు పెట్టారు. ప్రసవమైన కొద్దికాలానికి యువతుల్లో రావడం కద్దు. దూరపు అవయవాలకు పాకదు గాని పక్కకు చొచ్చుకుపోతుంది.

1980 దశకంలో చిన్న రంధ్రాలగుండా గొట్టాలు దూర్చి చేసే ఆపరేషన్లు వచ్చాయి. అయితే లోపలినుంచి చూస్తే ముందువైపు పొట్టగోడ ఇంటికప్పులాంటిది. వంగని పొడుగు పరికరంతో పైకప్పుకు కుట్టు వేయడం ఎంత కష్టమో ఊహించండి! రోబో పరికరానికి మణికట్టులా తిరిగే కీలుంది. గడ్డ తీసిన చోట కుట్టడానికి, వల అతకడానికి ఆ కీలే ఉపకరిస్తుంది. 2000లో అమెరికా ప్రభుత్వం డావిన్సీ యంత్రాన్ని అనుమతించింది. 2001 సెప్టెంబరులో న్యూయార్క్‌లో కూర్చున్న సర్జన్ ఫ్రాన్స్‌లోని రోగికి మరో రోబోతో పిత్తాశయం తొలగించారు. అన్నిటా యంత్రాన్ని ఆడించేది సర్జన్ చేతులే. డావిన్సీలో ఆయన చూసే అద్దంనుంచి తల తీస్తే పరికరాలు ఆగిపోతాయి. నా మట్టుకు భయపడవలసింది బిల్లుకే. పెద్ద గడ్డలకు నేటికీ పొట్ట తెరవక తప్పకపోవచ్చు.

డెస్మాయిడ్ విషయంలో ఇంకో మార్పు వచ్చింది. కొన్ని వాటంతటవే కుంచించుకుపోతాయని తేలింది. అందుచేత ముందు ముక్కపరీక్ష చేసి, కొన్ని నెలలకోసారి ఎమ్మారై తీస్తూ కనిపెట్టి ఉంటున్నారు. పెరుగుతూ పోతే మందులో, ఆపరేషనో అప్పుడు నిర్ణయిస్తారు.