చెమట ఆరని చోటు (ఎండా కులమూ: 4వ భాగం)



"వెంకటగిరికోట చల్లటి ఊరు కదన్నా, మీకు వడగాలి గొడవేంది?" అని పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు. నిజమే. మాది మిట్ట ప్రాంతం, కోస్తా అంత కాలదు. కానీ మా వాడకు వేడి అంటే ఏమిటో తెలిసింది ఊరి ఎండలో కాదు, కోలారు బంగారు గనుల్లో.

పడమరగా సరిహద్దు దాటితే ఆ గనులు. 1876-78 కరువు అప్పటి ఉత్తరార్కాటు జిల్లా పల్లెల్ని ఊడ్చేసింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ గనుల్లోకి దిగింది. భూమి లేనివాళ్ళు, ఊరి బావిలో చేద వెయ్యనివ్వని వాళ్ళు అటు నడిచారు. పై ఉద్యోగాలు తెల్లవాళ్ళవి. భూమి లోపల పని ఎక్కువగా దళితులది.

చాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లకు పైనే. అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. మా తాత అందులో పనిచేశాడు. "పైన ఎండైతే చెట్టు కిందికి పోతాం. లోపల ఏం చెట్టుండాది రా? చెమట కారతానే ఉంటాది, ఆరదు" అనేవాడు.

ఆ 'ఆరదు' అన్న మాటలోనే సైన్సంతా ఉంది. చుట్టూ గాలి ఒంటికన్నా వేడెక్కితే శరీరానికి మిగిలే దారి ఒక్కటే: చెమట ఆవిరై ఒళ్ళు చల్లబడటం. గాలిలో తేమ నిండితే ఆ దారీ మూసుకుపోతుంది. గనిలో దుమ్ము అణచడానికి కొట్టే నీళ్ళే గాలిని తడిపేవి. పొడిగాలిలో ఓర్చుకోగల వేడి తడిగాలిలో ప్రాణం తీస్తుంది.

కంపెనీకి ఇది తెలుసు. గాలిని చల్లబరిచి కిందికి పంపే యంత్రాలు పెట్టింది. కూలీ సొమ్మసిల్లితే బంగారం పైకి రాదు కాబట్టి వేడిని కొలిచింది.

2001లో గనులు మూతపడ్డాయి. మనవాళ్ళు ఇప్పుడు టమాటా తోటల్లో, ఇటుక బట్టీల్లో, బెంగళూరు కట్టడాల మీద ఉన్నారు. అక్కడ వేడిని కొలిచేదెవరు? 2015 ఎండలకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారని ప్రభుత్వమే చెప్పింది. కుటుంబానికి లక్ష రూపాయలు ప్రకటించింది. ఆ లక్ష రావాలంటే వడదెబ్బేనని రుజువు కావాలి. మా వాడ అక్క ఒకామె టమాటా కోతలో కూలిపోతే కాగితంలో 'గుండెపోటు' అని పడింది.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ వేసవిలో మీ వాడలో ఎవరు, ఏ పనిలో, ఏ గంటకు పడిపోయారో ఒక నోటుబుక్కులో రాయండి. కూలి కొయ్యకుండా మధ్యాహ్నం విరామం, నీడ, నీళ్ళు అడగడానికి ఆ లెక్కే మన చేతి ఆధారం. రాయని చావును ఏ ప్రభుత్వమూ లెక్కపెట్టదు.

జై భీమ్.