రెండడుగుల దారి

అమ్మమ్మ ఇల్లు అమ్ముడైపోయింది. కూలగొట్టేలోపు వీడియో తీద్దామని స్లైడర్ కోసం వెతికాను. మోటారుతో నడిచేవి నా బడ్జెట్‌కి అందలేదు. చేత్తో తోసే రెండడుగుల స్లైడర్ కొన్నాను.

కదిలే కెమెరా సినిమాకి కొత్త కాదు. 1896లోనే లూమియేర్ల కెమెరామన్ ప్రోమియో వెనిస్‌లో పడవెక్కి, ఒడ్డునున్న మేడలు జరిగిపోతుంటే తీశాడు. 1914లో ‘కబీరియా’ కోసం పాస్త్రోనే కెమెరాని చక్రాల బండి మీద పెట్టాడు. బండి మెల్లగా పక్కకి కదిలితే దగ్గరి స్తంభాలు త్వరగా, దూరపు గోడలు నిదానంగా జరుగుతాయి. సెట్టుకి లోతు వచ్చేది అక్కడే. 1960లో వచ్చిన ‘బ్రెత్‌లెస్’కి గొదార్ దగ్గర అంత సరంజామా లేదు. కెమెరామన్ కుటార్‌ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోశాడు.

ఇదంతా చదివాక నా స్లైడర్ మీద చిన్నచూపు పోయింది. కొనేటప్పుడు పొడవు కన్నా, కెమెరా బిగించే పలక అటూ ఇటూ ఊగుతోందేమో చూసుకోవాలి. నాది మొదట్లో ఓ కుదుపు ఇస్తుంది. ఆ ముక్క ఎడిటింగ్‌లో కోసేస్తాను.

ద్వారబంధానికి బాగా దగ్గరగా పెట్టి తోశాను. చెక్క పక్కకి జరిగింది. దాని వెనక నడవా, నడవా చివర వంటిల్లు. మా ఫోటోల్లో ఎక్కడా లేని వంటిల్లు.